గారు తీసేయండి

మా ఆయన విషయం నాకు ఫోన్లో చెప్పినతను "మీవారు ఇక లేరమ్మా" అన్నాడు. "లేకపోవడమేమిటయ్యా, పొద్దున్నే డ్యూటీకి వచ్చారు, సరిగ్గా చూడు" అన్నాను. నిజంగా అలాగే అన్నాను. లేరంటే ఆ భవనంలో లేరనుకున్నాను. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఒక భవనంలో లేకపోతే ఇంకో భవనంలో ఉంటారు కదా. అవతలతను కాసేపు నీళ్ళు నమిలి, "అది కాదమ్మా, మనకి దూరమయ్యారు" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఎంత దూరం?" అన్నాను.

ఆ తర్వాత ఇంటికొచ్చిన వాళ్ళందరిదీ అదే వరస. ఒకరు "వెళ్ళిపోయారా" అన్నారు. ఒకరు "ఎంత అన్యాయం చేశారు" అన్నారు, ఆయనేదో కావాలని చేసినట్టు. కంపెనీ మేనేజరు "వారు మా మధ్య లేకపోవడం" అని మొదలుపెట్టి, వాక్యం ఎలా ముగించాలో తెలియక టీ తాగి వెళ్ళాడు. మేడ మీద లిఫ్టు మోటారు గదిలో, పానా చేతిలో ఉండగానే గుండె ఆగిందట. అందరూ ఆ సంగతి చుట్టూ తిరిగారు గానీ, ఉన్నమాట ఒక్కరి నోటినుంచీ రాలేదు. సరే, నేను మాత్రం అన్నానా? నేనూ అనలేదు.

నాకు ఏడుపు రాలేదు. పన్ను పీకేముందు చిగురుకి ఇంజక్షన్ ఇస్తారు చూడండి, చెంప మనదే గానీ గిల్లినా తెలియదు. నాకు ఒళ్ళంతా అలాగే ఉండేది. కొన్నాళ్ళకి మళ్ళీ షాపుకి వెళ్ళడం మొదలుపెట్టాను. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాలు చదివిస్తాను, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. "మొదటి అద్దం బాగుందా, రెండోదా?" అని రోజంతా అడుగుతాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. మధ్యాహ్నం అన్నం తిన్నానో లేదో డబ్బా మూత తీసి చూస్తే తెలిసేది.

అలా ఉండగా ఒకరోజు ఒకావిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. నాకంటే చిన్నది. చదవమంటే చివరి వరసదాకా గడగడా చదివేసింది.

"మీకు కళ్ళజోడు అక్కర్లేదు" అన్నాను.

"తెలుసండీ. మీతో మాట్లాడదామనే వచ్చాను. నాకు పక్క వీధిలో మందుల షాపుంది. మీవారు నాకు తెలుసు. అంటే... ఎప్పుడూ చూడలేదనుకోండి. ఇద్దరం విజ్ఞాన సర్వస్వంలో రాసేవాళ్ళం."

అప్పుడు అర్థమైంది. ఇంటర్నెట్లో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది. దాంట్లో ఎవరైనా రాయొచ్చు, ఒకరు రాసింది ఇంకెవరైనా దిద్దొచ్చు. మా ఆయన రోజూ సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, టీ కప్పు పక్కన పెట్టుకుని దాని ముందు కూర్చునేవారు. అక్కడ ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకుంటారు. ఈయన పెట్టుకున్న పేరు "మెట్లు". లిఫ్టులు బాగుచేసే మనిషికి మెట్లని పేరేమిటండీ అంటే, "లిఫ్టు చెడితే జనానికి గుర్తొచ్చేది అవేగా" అనేవారు. ఆ జోకు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. విని విని నా చెవులు తుప్పుపట్టాయి.

మందుల షాపావిడ అక్కడ నిర్వాహకురాలట. అంటే తాళంచెవులున్న మనిషి. పనికిరాని పేజీ చెరిపెయ్యాలన్నా, గొడవ జరుగుతున్న పేజీకి తాళం వెయ్యాలన్నా ఆవిడే. మా ఆయన పని కొత్తవాళ్ళని చూసుకోవడం. కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ చేసే తప్పు ఒకటుందట. ఎవరి గురించి రాసినా "గారు" తగిలిస్తారు. "ఫలానా ఇంజనీరు గారు ఈ వంతెన కట్టారు" అని రాస్తారు. అక్కడి నియమం ప్రకారం వ్యాసంలో గారు ఉండకూడదు, "కట్టారు" అనకూడదు. "ఫలానా ఇంజనీరు ఈ వంతెన కట్టాడు" అనాలి. రాజైనా, రోడ్డూడ్చే మనిషైనా ఒకటే. కొత్తవాళ్ళు పెడుతూ ఉండేవారు, ఈయన తీస్తూ ఉండేవారు. తీసి ఊరుకోకుండా, ఎందుకు తీశారో వాళ్ళకి రాసేవారు. అక్కడ రాసేవాళ్ళని వాడుకరి అంటారు. "కొత్త వాడుకరి గారూ, గారు తీసేశాను. నొచ్చుకోకండి."

"ఆయన్ని వెనకాల 'గారు కత్తెర' అనేవాళ్ళమండీ" అంది ఆవిడ. "కానీ మనుషుల్ని పలకరించేటప్పుడు మాత్రం అందరికీ గారే. బడిపిల్లలకి కూడా."

"బానే ఉంది. ఇప్పుడేం కావాలి?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినబడింది.

ఆవిడ సంగతంతా చెప్పింది. కొత్తవాళ్ళకి దారి చూపించే పేజీ ఒకటుంది. పాతది ఎవరికీ అర్థం కావడంలేదని కొత్తది పెట్టాలనుకున్నారు. రెండు చిత్తుప్రతులు తయారయ్యాయి. ఒకటి మా ఆయనది. రెండోది "పండితుడు" అని పేరు పెట్టుకున్న ఒకాయనది. ఈ ఆదివారం సాయంత్రానికి పూర్తయి ఉన్నవాటిలోంచి ఒకటి ఎంచుకుంటారు. పూర్తికానిది చెరిపేస్తారు. పండితుడిది ఎప్పుడో పూర్తయిందట. ఫోన్లో చూపించింది. మొదటి వాక్యమే "నూతన సభ్యులు ఈ క్రింది నిషేధములను విధిగా పాటించవలెను" అని ఉంది.

"ఏడ్చినట్టుంది" అన్నాను. నాకు చేతకాని పని దానికి చేతనైంది.

"మీవారిది ఒక్క భాగం తప్ప అంతా అయిపోయిందండీ."

"అయితే ఆ ఒక్కటీ మీరే రాసెయ్యండి. తాళంచెవులున్నాయిగా."

"రాద్దామనే తెరిచాను. 'మరణం గురించి రాసేటప్పుడు' అని శీర్షిక పెట్టారు. దాని కింద ఒకే ఒక్క ముక్క రాసుకున్నారు." ఫోను నా వైపు తిప్పింది. "ఇది మా ఆవిడని అడిగి రాయాలి" అని ఉంది.

ఈలోగా ఇంకో కస్టమరు వచ్చాడు. ఆయన్ని కూర్చోబెట్టి మొదటిదా, రెండోదా అని అడిగాను. ఏం చెప్పాడో వినలేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ వినలేదు. మందుల షాపావిడ తన నంబరు బల్లమీద పెట్టి, నెమ్మదిగా తలుపు వేసుకుని వెళ్ళింది.

ఎందుకు అడగాలనుకున్నారో నాకు తెలుసు. పొద్దున్నే పేపరొస్తే నేను మొదట చదివేది శ్రద్ధాంజలి పేజీ. జబ్బు కాదు, సరదా. వాళ్ళు పడే పాట్లు చూస్తే నవ్వొచ్చేది. ఒకరోజు ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "కొత్తవాళ్ళంతా 'కన్నుమూశారు' అని రాస్తున్నారే, ఏం చెప్పను వాళ్ళకి?" అన్నారు. "మా షాపుకి రమ్మనండి, రోజంతా కళ్ళు మూసేవాళ్ళే. అందరూ అయిపోయినట్టేనా?" అన్నాను. ఆయన పడీపడీ నవ్వి, "ఉండు, ఇది రాసుకోవాలి" అన్నారు. లిఫ్టు ఎక్కడో ఆగిపోయిందని ఫోనొచ్చింది, వెళ్ళిపోయారు.

ఆదివారం షాపుకి సెలవు. పొద్దున్నే ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఇంట్లో ఉండేది నేనూ, అత్తయ్యా. అత్తయ్య కూడా ఆ మాట ఇంతవరకూ అనలేదు. "వాడికి చల్లటి అన్నం పడదు", "వాడు తలుపు దభీమని వేస్తాడు" అని ఇప్పటికీ అంటుంది. మతి తప్పి కాదు. ఆవిడ మతి నాకంటే గట్టిది, టీవీలో వార్తలు చదివేవాళ్ళ తప్పులు పట్టుకుని తిడుతుంది. కొడుకు విషయంలో నోరు పాత దారినే పోతోంది, అంతే. నేనూ దిద్దలేదు. మా ఇంట్లో దిద్దే మనిషిని నేను కాదు.

చిత్తుప్రతి మొదటినుంచీ చదివాను. "తప్పులు చెయ్యండి, భయపడకండి. ఇక్కడ ఏ తప్పూ శాశ్వతం కాదు. పైన 'చరిత్ర' అని ఉంటుంది. అది నొక్కితే పేజీ నిన్న ఎలా ఉండేదో అలా వెనక్కి తెచ్చుకోవచ్చు" అని రాశారు. అచ్చం మాట్లాడినట్టే ఉంది. నిన్న ఎలా ఉండేదో అలా. అది చదివితే ఏదో అనిపించాలని నాకు తెలుసు. ఏమీ అనిపించలేదు. కిందికి జరిపాను.

రెండో భాగం గారు గురించి. అక్కడ ఉదాహరణ ఇచ్చారు.

తప్పు: కళ్ళజోళ్ళ షాపు మేడమ్ గారు ఎంతో ఓర్పుతో పనిచేస్తారు.
ఒప్పు: ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది.
గమనిక: "ఎంతో ఓర్పుతో" అన్నదానికి మూలం దొరకలేదు.

మూలమంటే, రాసిన మాట ఏ పుస్తకంలోంచో ఏ పేపర్లోంచో తెచ్చామని చూపించడం. దొరకలేదట! "ఇన్నేళ్ళు మీతో కాపరం చేశాను, అంతకంటే ఏం మూలం కావాలండీ?" అని పైకే అనేశాను.

"ఎవరితోనే?" అంది అత్తయ్య వంటింట్లోంచి.

"మీ అబ్బాయితో."

"ఊఁ" అంది. గిన్నెలు తోమడం ఆపలేదు.

రాయాలంటే ముందు ఖాతా తెరవాలంది కంప్యూటరు. పేరు అడిగింది. "ఆవిడ" అని కొడితే, అది ఎవరో ముందే పెట్టుకున్నారంది. ఆలోచించి "మా ఆవిడ" అని కొట్టాను. సరేనంది. నొక్కీ నొక్కగానే పైన ఎర్ర చుక్క వెలిగింది, ఉత్తరమొచ్చిందని.

"మా ఆవిడ గారూ, స్వాగతం! మీరు రావడం సంతోషం. మొదట్లో అంతా గందరగోళంగా ఉంటుంది, కంగారుపడకండి. ఏ సందేహం వచ్చినా మొహమాటం లేకుండా నన్ను అడగండి. రోజూ సాయంత్రం ఇక్కడే ఉంటాను. — మెట్లు."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. మళ్ళీ కూర్చున్నాను. కొత్తగా ఎవరు చేరినా ఆ ఉత్తరం కంప్యూటరు తనంతట తానే పంపుతుందని మందుల షాపావిడ తర్వాత చెప్పింది. మాట ఆయనదే, సంతకం ఆయనదే. తీసెయ్యాలని తెలిసినా ఎవరికీ చేతులు రాలేదట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏనాడూ నన్ను గారు అన్న మనిషి కారు. అత్తయ్యకి చూపిద్దామనుకుని, చూపించలేదు.

రాయడం మొదలుపెట్టాక తప్పులు చకచకా వచ్చాయి. ఇన్నాళ్ళూ విన్నవే కదా.

తప్పు: మెకానిక్ గారు కన్నుమూశారు.
గమనిక: కళ్ళజోళ్ళ షాపులో అందరూ కన్ను మూస్తారు. ఒకటి మూసి ఇంకోటి తెరుస్తారు కూడా.
తప్పు: మెకానిక్ గారు మనకు దూరమయ్యారు.
గమనిక: ఎంత దూరమో కిలోమీటర్లలో రాయాలి. మూలం చూపించాలి.
తప్పు: మెకానిక్ గారు ఇక లేరు.
గమనిక: ఎక్కడ లేరో చెప్పాలి. చదివేవాళ్ళు వేరే భవనంలో వెతుకుతారు.

కింద "ఒప్పు" అని కొట్టి, ఒక్క గుక్కలో "మెకానిక్ గారు మరణించారు" అని రాసి భద్రపరిచాను. ఆ మాట రాయడానికి భయపడ్డానే, ఇంతేనా అనుకున్నాను. లేచి టీ పెట్టుకుని, అత్తయ్యకి ఒక కప్పిచ్చి, నాకో కప్పు తెచ్చుకునేసరికి నేను రాసిందంతా మాయమైంది. పండితుడు చెరిపేశాడు. కారణం కూడా రాశాడు: "ఒప్పు అనుచోటనే తప్పు కలదు. గౌరవవాచకము నిషిద్ధము. ఇదే పేజీ రెండవ భాగము చూడుడు."

ఒళ్ళు మండిపోయింది. మందుల షాపావిడకి ఫోన్ చేశాను. "ఎవరండీ ఆ పండితుడు? ఒక్కసారి మా షాపుకి పంపండి. తప్పుడు అద్దాలు బిగించి రోడ్డుమీదికి వదులుతాను."

ఆవిడ నవ్వలేదు. "అక్కా, ఆయన చెరపడం మొరటే. మీరు రాసింది నేను తిరిగి పెట్టేశాను, చూడండి. కానీ ఆయన చెప్పింది నిజం. ఒప్పు అన్నచోట గారు ఉంది. 'మరణించారు' అని ఉంది."

"ఆయనకి గారు తీసెయ్యమంటారా?"

"ఎవరికైనా అంతే కదక్కా. ఆయనే రాశారు."

గారు అనే తప్పు చెయ్యొద్దని చెప్పే పేజీలో, ఆయన పేజీలో, ఆయన భార్యనై ఉండి నేనే గారు పెట్టాను. ఆయన బతికుంటే పొట్ట పట్టుకుని నవ్వేవారు.

"పోనీ నేను మార్చేస్తానక్కా" అంది ఆవిడ. "గారు తీసేసి, 'రు' బదులు 'డు'. ఒక్క అక్షరమే. మీచేత ఎందుకు..."

"వద్దు. ఆయన నన్నడిగారు" అన్నాను.

"సాయంత్రంలోపు అయిపోవాలక్కా. లేకపోతే నా చేతుల్లో లేదు" అని పెట్టేసింది.

ఒక్క అక్షరమే. కూర్చున్నాను. కర్సరు ఆ అక్షరం పక్కన కొట్టుకుంటోంది. ఆయన గురించి నేను ఎప్పుడూ "వచ్చాడు", "తిన్నాడు" అనలేదు. ఎంత కోపమొచ్చినా "మీ అంత మొండి మనిషిని చూడలేదండీ" అని తిట్టానే గానీ, ఆ "రు" వదల్లేదు. ఎవరో నేర్పితే వచ్చిన గౌరవం కాదది. వచ్చారు, పడుకున్నారు, గురక పెట్టారు, అలిగారు. ఆ రుతోనే ఆయన నాకు తెలుసు. అది తీసేస్తే మిగిలేది ఎవరో రోడ్డున పోయే మనిషి. రోడ్డున పోయే మనుషులు మరణిస్తారు. పేపర్లో వస్తుంది, పేజీ తిప్పేస్తాం. పొద్దున "మరణించారు" అని అంత తేలిగ్గా ఎందుకు రాయగలిగానో అప్పుడు అర్థమైంది. గారు పెట్టి, రు పెట్టి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మరీ రాశాను. ఆయన అక్కడే ఉన్నారు, నా మాట వింటూ. డు పెడితే ఉండరు. నాకు భయమేసింది. కోపం సంగతి వదిలేస్తే, ఇన్నాళ్ళలో నాకు తెలిసి కలిగిన మొదటి భావం అదే.

డు కొట్టాను. చెరిపాను. మళ్ళీ కొట్టాను. మళ్ళీ చెరిపాను. కిటికీలోంచి పడుతున్న ఎండ బల్లమీదినుంచి నేలమీదికి దిగింది. టీ మీద మీగడ కట్టింది.

అత్తయ్య కుర్చీ ఈడ్చుకొచ్చి పక్కన కూర్చుంది. "ఏంటే, పొద్దుట్నించీ ఉలుకూ పలుకూ లేదు? తిండి తినవా?"

"మీ అబ్బాయి రాసిన పేజీ అత్తయ్యా. చివర్లో ఒక వాక్యం రాయాలి. సాయంత్రానికి రాయకపోతే మొత్తం చెరిపేస్తారు."

"రాయి మరి. చదువుకున్నదానివేగా."

"గారు ఉండకూడదట. నాకు చెయ్యి రావడంలేదు."

నేనే బిగించిచ్చిన కళ్ళజోడు ముక్కుమీద సర్దుకుని, ముందుకి వంగి, పెదాలు కదుపుతూ చదివింది. "మెకానిక్ గారు మరణించారు."

గారు అన్న మాట మీద వేలు పెట్టింది.

"ఎవరే ఈ గారు?" అంది.

"మీ అబ్బాయే అత్తయ్యా."

"వాడు నాకెప్పుడు గారయ్యాడే? నేను కన్నదాన్ని." గొంతు మామూలుగానే ఉంది. టీవీ వాళ్ళ తప్పు పట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. "చచ్చిపోయాడు నా కొడుకు. గారూ లేదు, గీరూ లేదు. నా కొడుకు చచ్చిపోయాడు. అది రాయి."

ఆ ఇంట్లో ఆ మాట వినబడటం అదే మొదటిసారి. అన్నాక అత్తయ్య చేత్తో కంప్యూటరు మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడిచింది.

నేను గారు తీసేశాను. రు తీసేశాను. డు పెట్టాను.

ఒప్పు: మెకానిక్ మరణించాడు.

భద్రపరచమంటే, కింద చిన్న గడి వచ్చింది, "ఏం మార్చారు?" అని. ఆ గడి ఖాళీగా వదలొద్దని ఆయన పేజీలో రెండుచోట్ల రాశారు. మీ తర్వాత వచ్చేవాళ్ళకి మీరేం చేశారో, ఎందుకు చేశారో తెలియాలి, ఒక్క ముక్క రాస్తే చాలు అని రాశారు. నేను రాశాను: "గారు తీసేశాను. నొచ్చుకోకండి."

నొక్కాను. పేజీ ఒకసారి తెల్లగా అయి, మళ్ళీ వచ్చింది. నేను పెట్టిన వాక్యం అక్కడే ఉంది. కాసేపు చూశాను, పండితుడు ముట్టుకోలేదు. ఫోను మోగింది, మందుల షాపావిడే అయ్యుంటుంది. తియ్యబోతే నంబరు కనబడలేదు. గోడమీది పెద్దక్షరాలు కూడా చదవలేనట్టు అంతా అలుక్కుపోయింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. సిగ్గూ ఎగ్గూ లేకుండా, బల్లమీద తల పెట్టి, వీధిలోకి వినబడేలా ఏడ్చాను.

అత్తయ్య నా వీపుమీద చెయ్యి వేసింది. "ఊరుకోవే. వాడికి ఏడుపులు పడవు" అంది. మళ్ళీ తనే దిద్దుకుంది.

"పడేవి కావు."